మరక ఏ ద్రవానిదో చెప్పేది ప్రోటీన్: ఫోరెన్సిక్ ప్రయోగశాలలో అడుగడుగునా పరీక్షించే విధానం

మరక ఎవరిదని అడిగితే డీఎన్‌ఏ చెబుతుంది. అది ఏ ద్రవం మరక అని అడిగితే మాత్రం మామూలు డీఎన్‌ఏ ప్రొఫైల్ దగ్గర జవాబు ఉండదు. ఒకే మనిషి రక్తంలో, లాలాజలంలో, వీర్యంలో దొరికే ప్రొఫైల్ ఒక్కటే.

ఈ తేడా న్యాయస్థానంలో ఎంత బరువు తూగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇది బోధన కోసం ఊహించినదే, కానీ ఇలాంటి వాదనలు అరుదు కావు. లైంగిక దాడి కేసులో దుప్పటి మీద నిందితుడి డీఎన్‌ఏ దొరికింది. అతడు ఆ ఇంటికి బంధువు. ‘పోయిన వారం ఆ మంచం మీదే నిద్రపోయాను, చొంగ కారి ఉంటుంది’ అన్నాడు. అతని మాట నిజమో కాదో తేల్చాలంటే ఆ మరక లాలాజలమా, వీర్యమా అన్నది తెలియాలి. ఆ పని ప్రోటీన్లు చేస్తాయి. శరీరంలోని కణాలన్నింటిలో జన్యువులు ఒకటే అయినా, ప్రతి గ్రంథీ తన పనికి కావలసిన ప్రోటీన్లనే ఎక్కువగా తయారుచేస్తుంది. లాలాజల గ్రంథి అమైలేజ్‌ను చేస్తుంది, ప్రోస్టేట్ గ్రంథి పీఎస్‌ఏను (ప్రోస్టేట్ స్పెసిఫిక్ యాంటిజెన్) చేస్తుంది. మరక ఎండిపోయినా ఆ ప్రోటీన్ల ఆనవాళ్ళు బట్టలో మిగిలి ఉంటాయి.

ఫోరెన్సిక్ మెడిసిన్ చదువుతున్నవారినీ, ప్రభుత్వ ఆసుపత్రుల్లో నమూనాలు సేకరించే వైద్యులనూ, ల్యాబులో కొత్తగా చేరినవారినీ దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. గంజి పెట్టిన తెల్లటి నూలు దుప్పటి ఒకటి సీలు వేసిన కవరులో మీ బల్ల మీదకు వచ్చిందనుకోండి. దాని మీద ఒక గోధుమ రంగు మరక, ఒక గట్టిపడిన లేత పసుపు మరక, కంటికి ఆననిది ఇంకొకటి ఉన్నాయి. ఈ మూడింటినీ వెంటబెట్టుకుని ముందుకు వెళదాం.

పరీక్షకు ముందు: ఏ ద్రవంలో ఏ ప్రోటీన్ కోసం వెతకాలి

రక్తంలో వెతికేది హీమోగ్లోబిన్‌ను. ఆరోగ్యవంతుల రక్తంలో 100 మిల్లీలీటర్లకు సుమారు 12 నుంచి 17 గ్రాముల వరకు ఉంటుంది కాబట్టి చిన్న చుక్కలోనూ పుష్కలంగా దొరుకుతుంది. ఎర్ర రక్తకణాల పొర మీద ఉండే గ్లైకోఫోరిన్ ఎ మరో గుర్తు. వీర్యానికి మూడు ఉన్నాయి: ఎసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్, పీఎస్‌ఏ, సెమినోజెలిన్. మొదటి రెండూ ప్రోస్టేట్ నుంచి వస్తే, మూడోది శుక్రాశయ గ్రంథుల నుంచి వస్తుంది. స్ఖలనం తర్వాత గడ్డకట్టిన వీర్యం మళ్ళీ పలచబడటానికి కారణం పీఎస్‌ఏ సెమినోజెలిన్‌ను ముక్కలు చేయడమే. లాలాజలానికి ఆల్ఫా అమైలేజ్, స్టాథెరిన్, హిస్టాటిన్‌లు గుర్తులు. మూత్రానికి టామ్-హార్స్‌ఫాల్ ప్రోటీన్, దాన్నే యూరోమోడ్యులిన్ అని కూడా అంటారు. చెమటకు డెర్మ్‌సిడిన్. తల్లిపాలకు కేసిన్.

ఈ జాబితాను చూసి ఒక ప్రోటీన్‌కు ఒక ద్రవం అని లెక్కగట్టడం పెద్ద పొరపాటు. పురుషుల మూత్రంలో పీఎస్‌ఏ ఉంటుంది. తల్లిపాలలోనూ స్వల్పంగా ఉంటుంది. అమైలేజ్ మలంలో, తల్లిపాలలో కనబడుతుంది. ఎసిడ్ ఫాస్ఫటేజ్ యోనిస్రావంలో సహజంగానే ఉంటుంది. అసలు ప్రశ్న ఆ ప్రోటీన్ ఎంత మోతాదులో ఉంది, దానితో పాటు ఇంకేమి ఉన్నాయి అన్నది.

మొదటి అడుగు: ముట్టుకోకముందు చూడటం

దుప్పటిని శుభ్రమైన కాగితం పరిచిన బల్ల మీద విప్పండి. చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి. మాట్లాడుతూ వంగి చూసే పరిశీలకుడి నోటి తుంపరలోనూ అమైలేజ్ ఉంటుంది. సీలు చెక్కుచెదరకుండా ఉందా, పంచనామాలో రాసిన వివరాలకూ వచ్చిన వస్తువుకూ పొంతన ఉందా అన్నది ముందు చూడాలి. తర్వాత స్కేలు పెట్టి ఫొటోలు తీసి, మరకల కొలతలు, స్థానాలు గీసుకోవాలి.

ఆ పైన గది చీకటి చేసి సుమారు 450 నానోమీటర్ల నీలి కాంతిని పారించి, నారింజ రంగు కళ్ళద్దాలతో చూడండి. వీర్యం మరక మెరుస్తుంది. లాలాజలం మెరుపు చాలా మసకగా ఉంటుంది. రక్తం కాంతిని మింగేసి నల్లగా కనబడుతుంది. కంటికి ఆనని మన మూడో మరక ఇక్కడే బయటపడే అవకాశం ఉంది.

మెరిసిందల్లా వీర్యం అనుకోకూడదు. బట్టల సబ్బు పొడిలో ఉండే తెలుపు పెంచే రసాయనాలు అతినీలలోహిత కాంతిలో బాగా మెరుస్తాయి. మన ఇళ్ళలో పసుపు అంటని బట్ట ఉండదు. పసుపులోని కర్కుమిన్ నీలి కాంతిలో పసుపుపచ్చగా వెలుగుతుంది. అలాగే ఎర్రగా ఉన్నదల్లా రక్తం కాదు: పాన్ ఉమ్మి, పారాణి, కుంకుమ ఇవన్నీ ఎండాక రక్తాన్ని తలపిస్తాయి. పాన్ ఉమ్మి మరకలో లాలాజలం కూడా ఉంటుంది కాబట్టి దాన్ని రక్తం కాదని పక్కన పడేయకండి, అందులో వేరే జవాబు ఉండవచ్చు. ఈ అడుగులో మీరు చేయాల్సింది ఎక్కడ వెతకాలో పెన్సిలుతో గుర్తు పెట్టుకోవడం మాత్రమే.

రెండో అడుగు: ఆరబెట్టి, కత్తిరించి, నానబెట్టడం

ఈ అడుగు నిజానికి ల్యాబుకు రాకముందే మొదలవుతుంది. తడి మరకను ప్లాస్టిక్ సంచిలో కట్టి పంపితే లోపల తేమ నిలిచి సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాటి ఎంజైములు ప్రోటీన్లను కొరికి తినేస్తాయి. మన వేసవిలో ఒకటి రెండు రోజులు చాలు, మరక పాడైపోతుంది. నీడలో, గాలి తగిలేలా, గది ఉష్ణోగ్రతలో ఆరబెట్టి కాగితపు కవరులో పెట్టాలి. ఎండలో పెట్టకూడదు, హెయిర్ డ్రయర్ వాడకూడదు. బాగా ఆరిన మరకలో ప్రోటీన్లు ఏళ్ళ తరబడి నిలిచిన సందర్భాలున్నాయి.

బాధితుల శరీరం నుంచి స్వాబులు తీసే వైద్యులకు ఒక మాట. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు ఘటన జరిగిన 96 గంటల వరకు నమూనాలు సేకరించవచ్చని చెబుతున్నాయి. యోనిలో పీఎస్‌ఏ సాధారణంగా 24 నుంచి 48 గంటల్లో కనుమరుగవుతుంది. శుక్రకణాలు అంతకంటే ఎక్కువ కాలం దొరకవచ్చు. కాబట్టి ప్రతి గంటకూ విలువ ఉంది. అయితే సమ్మతి లేకుండా ఏ నమూనా తీయకూడదు. నేర విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 184వ సెక్షన్ ప్రకారం పరీక్ష నివేదికను దర్యాప్తు అధికారికి 7 రోజుల్లో పంపాలి. స్నానం చేశారా, బట్టలు మార్చారా, ఎన్ని గంటలు గడిచాయి అన్న వివరాలు ఫారంలో పూర్తిగా రాయండి. ప్రయోగశాలలో నెగటివ్ ఫలితం వచ్చినప్పుడు దానికి అర్థం చెప్పేది ఆ రాతలే.

ఇక మన బల్ల దగ్గరకు వద్దాం. మరక నుంచి సుమారు అర సెంటీమీటరు పొడవు, అర సెంటీమీటరు వెడల్పు ముక్కను శుభ్రమైన కత్తెరతో తీయండి. అదే దుప్పటిలో మరక లేని చోట నుంచి అంతే ముక్క తీయండి. మరక ఫలితంతో పోల్చి చూసుకోవడానికి తీసే దీన్ని బట్ట కంట్రోలు అంటారు. గంజి పెట్టిన నూలు ఒక పరీక్షలో ఎలా మోసం చేస్తుందో కాసేపట్లో చూస్తారు. కాబట్టి ఈ ముక్క తీయడం మరిచిపోతే తర్వాత చేసే పనికి విలువ ఉండదు. ముక్కను చిన్న ట్యూబులో వేసి, 200 నుంచి 300 మైక్రోలీటర్ల బఫరులో (ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణం) గంట, రెండు గంటలు నానబెట్టండి. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైన తేరిన ద్రవంలో ప్రోటీన్లు, అడుగున కణాలు మిగులుతాయి. పైదాన్ని ప్రోటీన్ పరీక్షలకు, అడుగుదాన్ని సూక్ష్మదర్శినికీ డీఎన్‌ఏకూ వాడతాం. ఒకే ముక్క నుంచి ఏ ద్రవం, ఎవరిది అన్న రెండు ప్రశ్నలకూ జవాబు రాబట్టే ఈ పొదుపు నాకు ఈ విద్యలో అన్నిటికన్నా ముఖ్యమైన మెళకువ అనిపిస్తుంది. మరక మళ్ళీ పుట్టదు.

మూడో అడుగు: సూచక పరీక్షలు

ఇవి త్వరగా జరిగే, చవకైన రంగుల పరీక్షలు. ‘ఉండవచ్చు’ అని మాత్రమే చెబుతాయి.

గోధుమ రంగు మరకకు కాజిల్-మేయర్ పరీక్ష చేద్దాం. హీమోగ్లోబిన్‌లోని హీమ్ భాగం పెరాక్సిడేజ్ ఎంజైమ్ లాగా ప్రవర్తిస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ సమక్షంలో రంగు లేని ఫినాల్ఫ్తలిన్‌ను గులాబీ రంగు ఫినాల్ఫ్తలీన్‌గా మారుస్తుంది. మరక మీద నేరుగా రసాయనం పోయకండి. మడిచిన వడపోత కాగితపు మొనతో మరకను మెల్లగా రుద్ది, ఆ కాగితం మీద ఒక చుక్క ఆల్కహాల్, తర్వాత ఒక చుక్క రీజెంటు, అంటే ఆ ఫినాల్ఫ్తలిన్ ద్రావణం, వేయండి. ఇక్కడ ఆగండి. కొన్ని సెకన్లు చూడండి. పెరాక్సైడ్ వేయకముందే గులాబీ రంగు వస్తే అక్కడ ఏదో ఆక్సీకరణ రసాయనం ఉందని అర్థం, ఆ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. రంగు రాకపోతేనే 3 శాతం పెరాక్సైడ్ ఒక చుక్క వేయండి. కొన్ని సెకన్లలో గాఢమైన గులాబీ రంగు వస్తే రక్తం ఉండవచ్చు. నిమిషం దాటాక వచ్చే రంగును పట్టించుకోవద్దు. గాలికి రీజెంటు తనంతట తానే గులాబీ అవుతుంది. కొత్తవారు ఎక్కువగా తప్పు చేసేది ఈ ఆగాల్సిన చోటే. రెండు చుక్కలూ ఒకేసారి వేసేస్తారు.

బంగాళాదుంప, ముల్లంగి జాతి మొక్కల్లోని పెరాక్సిడేజ్‌లు కూడా ఈ పరీక్షలో రంగు ఇవ్వగలవు. వంటింట్లో దొరికిన కత్తి విషయంలో ఇది గుర్తుండాలి. పాత పుస్తకాల్లో కనబడే బెంజిడిన్ పరీక్ష జోలికి వెళ్ళకండి, అది క్యాన్సర్ కారకం. కడిగేసిన నేల మీద రక్తం వెతకడానికి 1937లో వాల్టర్ స్పెక్ట్ ప్రతిపాదించిన, రక్తం తగిలితే చీకట్లో వెలిగే లూమినాల్ ఇప్పటికీ పనికొస్తుంది. కానీ బ్లీచింగ్ పౌడరుకు కూడా అది వెలుగుతుంది. పైగా చల్లిన ద్రావణం మరకను ఇంకా పలచబరుస్తుంది. అందుకే వేరే దారి లేనప్పుడే దాన్ని చల్లాలి.

గట్టిపడిన పసుపు మరకకు ఎసిడ్ ఫాస్ఫటేజ్ పరీక్ష. తడిపిన వడపోత కాగితాన్ని దుప్పటి మీద పరిచి గట్టిగా అదమండి. కాగితం మీద, దుప్పటి మీద ఎదురెదురుగా గుర్తులు పెట్టుకోండి. కాగితాన్ని తీసి దాని మీద ఆల్ఫా నాఫ్తైల్ ఫాస్ఫేట్, ఫాస్ట్ బ్లూ బి కలిపిన రీజెంటు చల్లండి. ఎంజైమ్ ఉన్నచోట ఊదా రంగు వస్తుంది. దుప్పటిలో ఏ మూల కత్తిరించాలో ఈ కాగితం పటంలా చూపిస్తుంది. వీర్యంలో ఈ ఎంజైమ్ చాలా ఎక్కువ కాబట్టి గాఢమైన రంగు సాధారణంగా అర నిమిషంలోపే వచ్చేస్తుంది. ఎంతసేపటికి రంగు వచ్చిందో గడియారం చూసి రాయాలి. మెల్లగా, లేతగా వచ్చిన రంగు యోనిస్రావానిది కూడా కావచ్చు. ఫాస్ట్ బ్లూ ఆరోగ్యానికి హానికరమని అనుమానం ఉంది కాబట్టి ఆవిరిని బయటకు లాగేసే ఫ్యూమ్ హుడ్ కిందే ఈ పని చేయండి.

కంటికి ఆనని మూడో మరకకు అమైలేజ్ పరీక్ష. ఇది పిండి పదార్థాన్ని విడగొట్టే ఎంజైమ్. పాత పద్ధతిలో పిండి కలిపిన అగరోజ్ జెల్‌లో చిన్న గుంతలు చేసి, ఒక్కో గుంతలో నమూనా, కంట్రోళ్ళు, తెలిసిన గాఢత గల అమైలేజ్ వేస్తారు. 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర రాత్రంతా ఉంచి, మర్నాడు అయోడిన్ పోస్తారు. పిండి మిగిలిన జెల్ అంతా నీలంగా మారుతుంది, అమైలేజ్ తినేసిన చోట తెల్లటి వలయం ఏర్పడుతుంది. వలయం వ్యాసాన్ని ప్రామాణిక వలయాలతో పోల్చి మోతాదు అంచనా వేస్తారు. నీలి రంగు అంటించిన పిండి గోళాలను వాడే ఫడెబాస్ పద్ధతి ఇప్పుడు ఎక్కువ వాడుకలో ఉంది. అమైలేజ్ పిండిని విడగొట్టగానే నీలి రంగు విడుదలవుతుంది.

గంజి సంగతి ఇక్కడ వస్తుంది. గంజి అంటే పిండే. ఆ దుప్పటి ముక్క మీదే అయోడిన్ వేస్తే మరక లేని భాగం కూడా నీలంగా మారుతుంది. బట్టలోని పిండి బఫరులోకి దిగితే ఎంజైమ్ దాన్ని తినడంలో కొంత ఖర్చయిపోయి, అసలు పరీక్షలో ఫలితం బలహీనంగా కనబడే ప్రమాదమూ ఉంది. బట్ట కంట్రోలును, దానికి కొద్దిగా తెలిసిన లాలాజలం కలిపిన మరో కంట్రోలును పక్కన నడిపితే ఈ చిక్కు వెంటనే తెలిసిపోతుంది.

నాలుగో అడుగు: యాంటీబాడీ పట్టీతో బలపరచడం

కోవిడ్ రోజుల్లో ఇంట్లో చేసుకున్న ర్యాపిడ్ టెస్టు గుర్తుందా? ఇదీ అదే సూత్రం. నానబెట్టి తీసిన ద్రవాన్ని క్యాసెట్ గుంతలో వేస్తే అది పట్టీ వెంట పాకుతుంది. దారిలో బంగారు కణాలు తగిలించిన యాంటీబాడీలు మనం వెతికే ప్రోటీన్‌ను పట్టుకుంటాయి. ముందుకు వెళ్ళాక పట్టీకి అతికించి ఉన్న రెండో యాంటీబాడీ అదే ప్రోటీన్‌ను మరోవైపు నుంచి పట్టుకుంటుంది. రెండు యాంటీబాడీల మధ్య ప్రోటీన్ ఇరుక్కుని గీత కనబడుతుంది. దూరంలో ఉన్న కంట్రోలు గీత కూడా రావాలి. అది రాకపోతే పట్టీయే పనిచేయలేదని అర్థం, ఫలితం ఏదైనా చెల్లదు. చాలా కిట్లు 10 నిమిషాలకు చదవమంటాయి. కిట్‌లో చెప్పిన సమయానికే చదవండి, గంట తర్వాత వచ్చిన గీతను నమ్మవద్దు.

గోధుమ మరకకు మానవ హీమోగ్లోబిన్ పట్టీ లేదా గ్లైకోఫోరిన్ పట్టీ, పసుపు మరకకు పీఎస్‌ఏ పట్టీ, సెమినోజెలిన్ పట్టీ, మూడోదానికి లాలాజల అమైలేజ్ పట్టీ వాడతాం. ఈ అమైలేజ్ పట్టీ ఎంజైమ్ పనిని కాకుండా ప్రోటీన్ ఆకారాన్నే గుర్తుపడుతుంది. కాబట్టి ఫడెబాస్‌తో పోలిస్తే దాని మాటకు బరువు ఎక్కువ. అయినా తల్లిపాలు, మలం దానికి కూడా గీత తెప్పించగలవు.

ఇప్పుడు నేను ప్రతి కొత్త బ్యాచికీ చెప్పే విషయం. గాఢంగా ఉన్న మరకే నెగటివ్ చూపించగలదు. ఒక మిల్లీలీటరు వీర్యంలో పీఎస్‌ఏ మిల్లీగ్రాము స్థాయిలో ఉంటుంది. పట్టీ పట్టగలిగేది మిల్లీలీటరుకు కొన్ని నానోగ్రాములు, అంటే లక్షల రెట్లు తక్కువ. ప్రోటీన్ అంత విపరీతంగా ఉన్నప్పుడు బంగారు యాంటీబాడీలన్నీ నిండిపోతాయి, పట్టీ మీది యాంటీబాడీలు కూడా విడి ప్రోటీన్లతోనే నిండిపోతాయి. రెండింటి మధ్య వారధి ఏర్పడదు, గీత రాదు. దీన్ని హుక్ ప్రభావం అంటారు. ఎసిడ్ ఫాస్ఫటేజ్ పరీక్షలో క్షణాల్లో ముదురు ఊదా రంగు ఇచ్చిన మరకకు పట్టీ మీద గీత రాకపోతే, నెగటివ్ అని రాసేముందు అదే ద్రవాన్ని 10 రెట్లు, 100 రెట్లు పలచబరిచి మళ్ళీ చేయండి. గీత వచ్చేస్తుంది. ఈ ఒక్క జాగ్రత్త లేక ఒక బాధితురాలి సాక్ష్యం చేజారిపోతుందన్న ఆలోచనే నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

పసుపు మరక విషయంలో మరో తనిఖీ కూడా ఉంది. అడుగున తేరిన కణాలను గాజు పలక మీద ఆరబెట్టి, క్రిస్మస్ ట్రీ అద్దకం వేసి సూక్ష్మదర్శినిలో చూడండి. న్యూక్లియర్ ఫాస్ట్ రెడ్ వల్ల శుక్రకణం తల ఎర్రగా, పిక్రోఇండిగోకార్మిన్ వల్ల తోక పచ్చగా కనబడతాయి. శుక్రకణం కనబడితే వీర్యమని నిర్ధారణ అయినట్టే. కనబడకపోతే? వేసెక్టమీ చేయించుకున్నవారి వీర్యంలో, కొన్ని రుగ్మతలున్నవారి వీర్యంలో కణాలు ఉండవు. 1978లో జార్జ్ సెన్సబా వీర్యంలోని పీ30 ప్రోటీన్‌ను ఫోరెన్సిక్ గుర్తుగా చూపించాక, కణాలు లేని వీర్యాన్ని కూడా గుర్తించే దారి దొరికింది. ఆ పీ30, పీఎస్‌ఏ ఒకటే.

ఐదో అడుగు: మనిషిదా, జంతువుదా

‘అది కోడిని కోసినప్పుడు పడిన రక్తం’ అన్న వాదన మన దగ్గర వినబడేదే. దీనికి జవాబు 1901 నుంచీ ఉంది. జర్మనీలో పాల్ ఉలెన్‌హుట్ ఆ ఏడాది ప్రెసిపిటిన్ పరీక్షను ప్రకటించారు. ఒక జాతి రక్త ప్రోటీన్లను కుందేలుకు ఎక్కిస్తే, కుందేలు రక్తంలో ఆ జాతి ప్రోటీన్లను మాత్రమే పేరబెట్టే యాంటీబాడీలు తయారవుతాయన్నది దాని ఆధారం. అదే ఏడాది ర్యూగెన్ దీవిలో ఇద్దరు చిన్నారుల హత్య కేసులో లుడ్విగ్ టెస్నో అనే వడ్రంగి తన బట్టల మీది మరకలు కలప రంగువని చెప్పాడు. ఉలెన్‌హుట్ ఆ బట్టల మీద గొర్రె రక్తాన్నీ, మనిషి రక్తాన్నీ వేర్వేరుగా గుర్తించారు. రంగు అన్న మాట నిలవలేదు.

ఇప్పటికీ ఈ పరీక్షను ఆక్టర్‌లోనీ పద్ధతిలో చేస్తారు. అగరోజ్ జెల్ మధ్యలో ఒక గుంత, చుట్టూ కొన్ని గుంతలు. మధ్యలో మానవ ప్రోటీన్లకు వ్యతిరేకమైన యాంటీబాడీలున్న సీరం, చుట్టూ నమూనా, మనిషి రక్తం, కోడి, మేక, గేదె రక్తాలు, బట్ట కంట్రోలు. రాత్రంతా తేమ డబ్బాలో ఉంచితే ప్రోటీన్లు, యాంటీబాడీలు జెల్‌లో ఎదురెదురుగా పాకి, కలిసిన చోట తెల్లటి గీత కడతాయి. నమూనా గీత, పక్కనున్న మనిషి రక్తపు గీత తెగకుండా ఒకదానిలో ఒకటి కలిసిపోతే రెండూ ఒకే ప్రోటీన్ అని అర్థం. కోతుల వంటి దగ్గరి జాతుల రక్తం కొంతమేరకు అడ్డు తగలవచ్చు. మానవ హీమోగ్లోబిన్ పట్టీలకూ ఇదే పరిమితి ఉంది. తాజా రక్తమైతే సూక్ష్మదర్శినే చెబుతుంది: కోడి ఎర్ర కణాలు కోడిగుడ్డు ఆకారంలో, మధ్యలో కేంద్రకంతో ఉంటాయి, మనిషివి గుండ్రంగా కేంద్రకం లేకుండా ఉంటాయి.

రుతురక్తం, మూత్రం, చెమట

రక్తం అని తేలాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. గాయం నుంచి వచ్చిందా, రుతుస్రావమా? గర్భాశయంలో గడ్డకట్టిన రక్తం మళ్ళీ కరుగుతుంది కాబట్టి ఆ కరుగుడులో పుట్టే డి-డైమర్ రుతురక్తంలో చాలా ఎక్కువగా ఉంటుంది. హీమోగ్లోబిన్, డి-డైమర్ రెండింటినీ ఒకే క్యాసెట్‌లో చూపే పట్టీలు వచ్చాయి. మరణించినవారి రక్తంలోనూ డి-డైమర్ పెరుగుతుంది. మృతదేహం ఉన్న గదిలో దొరికిన మరకకు ఈ పట్టీ ఫలితాన్ని ఒంటరిగా నమ్మకూడదు.

మూత్రానికి యూరోమోడ్యులిన్ పట్టీ, దానితో పాటు యూరియా, క్రియాటినిన్ రసాయన పరీక్షలు సరిపోతాయి. చెమటకు రోజువారీ పనిలో వాడదగ్గ సులువైన ప్రోటీన్ పరీక్ష అంతగా లేదు. డెర్మ్‌సిడిన్‌ను యాంటీబాడీలతో గానీ, కింద చెప్పబోయే యంత్రంతో గానీ పట్టుకోవచ్చు. యోనిస్రావానికీ అంతే.

ఆరో అడుగు: మరకలు కలగలిసినప్పుడు మాస్ స్పెక్ట్రోమెట్రీ

పట్టీ ఒక్కోసారి ఒక్క ప్రోటీన్ గురించే చెబుతుంది. అసలు కేసుల్లో మరకలు విడివిడిగా రావు: రక్తం, వీర్యం, యోనిస్రావం ఒకే చోట ఉంటాయి. ప్రతిదానికీ ఒక్కో పట్టీ వాడుతూ పోతే నమూనా అయిపోతుంది. అన్నిటినీ ఒకేసారి చూడగలిగేది మాస్ స్పెక్ట్రోమెట్రీ, అంటే అణువుల బరువును బట్టి వాటిని గుర్తించే పద్ధతి.

ముందుగా ప్రోటీన్ల మడతలు విప్పుతారు. లోపల వాటిని పట్టి ఉంచే గంధకపు బంధాలను డీటీటీ అనే రసాయనంతో తెంచి, మళ్ళీ అతుక్కోకుండా అయోడోఅసిటమైడ్ అనే మరో రసాయనంతో మూసేస్తారు. ఆ పైన ట్రిప్సిన్ అనే ఎంజైమ్ కలిపి 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతారు. ట్రిప్సిన్ కత్తెరలాంటిది, లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాల తర్వాతే కోస్తుంది. కోత ఎక్కడ పడుతుందో ముందే తెలుసు కాబట్టి ఏ ప్రోటీన్ నుంచి ఏ పెప్టైడ్ ముక్కలు రావాలో లెక్కగట్టవచ్చు. ఆ ముక్కలను ఒకదాని నుంచి ఒకటి విడదీసే లిక్విడ్ క్రోమటోగ్రఫీ గుండా వరుసగా పంపి, యంత్రంలో బరువు కొలిచి, ఒక్కోదాన్ని మళ్ళీ విరగ్గొట్టి అమైనో ఆమ్లాల వరుసను చదువుతారు. ఆ వరుస మానవ ప్రోటీన్ల సమాచార నిధిలో దేనితో సరిపోతుందో కంప్యూటర్ వెతుకుతుంది.

ఒక్క పెప్టైడ్ దొరికిందని తృప్తి పడవద్దు. ఒక ద్రవానికి కనీసం రెండు మూడు ప్రోటీన్లు, ఒక్కోదానికి ఒకటి కంటే ఎక్కువ పెప్టైడ్లు దొరికితేనే ఆ పేరు రాయడం క్షేమం. సెమినోజెలిన్, పీఎస్‌ఏ రెండూ కనబడితే ‘ఇది మూత్రంలోని పీఎస్‌ఏ కావచ్చు’ అన్న వాదన బలహీనపడుతుంది. చర్మంలోని కెరటిన్ అన్ని నమూనాల్లోనూ కనబడుతుంది, అది మన చేతుల నుంచీ గాలి నుంచీ వచ్చేదే, దాన్ని పక్కన పెట్టండి. యాంటీబాడీ గుర్తుపట్టలేనంతగా ఆకారం చెడిన ప్రోటీన్లలో కూడా అమైనో ఆమ్లాల వరుస చెదరకపోవచ్చు. పాత మరకలకు ఈ పద్ధతి పనికొచ్చేది అందుకే. యంత్రం ఖరీదు, నడపడానికి కావలసిన నైపుణ్యం వల్ల ఇది ఇంకా అన్ని ల్యాబుల్లో రోజువారీ పనిగా మారలేదు.

చివరి అడుగు: రిపోర్టు రాయడం

దేశంలో డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కు హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలో పునాది పడింది. ఆ గర్వం మనకు ఉండాల్సిందే. కానీ ద్రవం ఏమిటన్న వాక్యం సరిగ్గా లేకపోతే ఎంత గొప్ప డీఎన్‌ఏ ఫలితమైనా సందర్భం లేని పేరుగా మిగిలిపోతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టాల్లో 7 ఏళ్ళు, ఆ పైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్ళాలన్న నిబంధన ఉంది. నిపుణుల అభిప్రాయం భారతీయ సాక్ష్య అధినియమంలోని 39వ సెక్షన్ కింద న్యాయస్థానం ముందుకు వస్తుంది. అక్కడ మీ మాటను పదం పదం విడదీసి ప్రశ్నిస్తారు.

సూచక పరీక్ష మాత్రమే చేస్తే ‘రక్తం ఉండవచ్చని సూచన లభించింది’ అని రాయండి. పట్టీ కూడా గీత ఇస్తే ‘మానవ హీమోగ్లోబిన్ గుర్తించబడింది’ అనండి, అంటే దొరికిన ప్రోటీన్ పేరు రాయాలి. శుక్రకణాలు కనబడితేనో, పీఎస్‌ఏ, సెమినోజెలిన్ రెండూ దొరికితేనో వీర్యం అన్న పదం వాడండి. నెగటివ్ వచ్చినప్పుడు ‘వీర్యం లేదు’ అని రాయడం తప్పు, ‘ఈ పరీక్షల్లో గుర్తించబడలేదు’ అన్నదే సరైన మాట. గడిచిన గంటలు, ఉతికిన విషయం తెలిస్తే అదీ చేర్చండి. మరక ఎప్పుడు పడింది, ఎలా పడింది, సమ్మతితోనా కాదా అన్నవాటికి ప్రోటీన్ దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నలు వేసినప్పుడు అది ఈ పరీక్ష పరిధిలో లేదని సూటిగా చెప్పండి.

మన దుప్పటికి రిపోర్టు ఇలా ఉండవచ్చు: మొదటి మరకలో మానవ హీమోగ్లోబిన్ గుర్తించబడింది, డి-డైమర్ పట్టీలో గీత రాలేదు. రెండో మరకలో పీఎస్‌ఏ, సెమినోజెలిన్ గుర్తించబడ్డాయి, సూక్ష్మదర్శినిలో శుక్రకణాలు కనబడ్డాయి. మూడో మరకలో లాలాజల అమైలేజ్ గుర్తించబడింది. బట్ట కంట్రోలులో ఇవేవీ లేవు. వాడిన కిట్ల బ్యాచ్ నంబర్లు, చదివిన సమయాలు, కంట్రోళ్ళ ఫలితాలు, పట్టీల ఫొటోలు ఫైలులో చేర్చండి. మూడు ట్యూబుల అడుగున మిగిలిన కణాలను మైనస్ 20 డిగ్రీల ఫ్రీజరులో పెట్టి, లేబుళ్ళు సరిచూసి డీఎన్‌ఏ విభాగానికి అప్పగించండి. మిగిలిన దుప్పటిని కాగితపు కవరులో పెట్టి మళ్ళీ సీలు వేయండి. ప్రతివాది తరఫున మరో నిపుణుడు తిరిగి పరీక్షించమని కోరితే అతనికీ కొంత మరక మిగిలి ఉండాలి.